ఏడు ఊళ్లు వద్దు, మూడు చోట్ల పడుకుందాం: శ్రీలంక ప్లాన్ మీద నా వాదన

సెలవు ప్లాన్‌ను ఊళ్ల పేర్లతో మొదలుపెట్టకూడదు, రాత్రులతో మొదలుపెట్టాలి. ఏ రాత్రి ఎక్కడ పడుకుంటామో ముందు తేలితే, పగలు ఏం చూడాలో, ఏది వదలాలో తర్వాత దానంతట అదే తేలుతుంది. ఈ మాట మీద మా ఇంట్లో కొంతకాలంగా తగువు నడుస్తున్నది. తగువు అంటే నిజమైన తగువే. అక్కది ఒక మాట, బావది ఒక మాట, అమ్మ మాట్లాడకుండానే తనది నెగ్గించుకునే రకం. పోవాల్సింది శ్రీలంకకు. నల్లగొండ నుంచి మేం, మిర్యాలగూడ నుంచి అక్కావాళ్లు, వాళ్ల ఇద్దరు పిల్లలు.

బావ ఒక ట్రావెల్స్ వాళ్ల దగ్గర కాగితం తెచ్చిండు. ఐదు రాత్రులు, ఆరు పగళ్లు. సిగిరియా, క్యాండీ, నువర ఎలియ, ఎల్ల, మిరిస్స, గాలె, కొలంబో. ఐదు రాత్రులకు ఐదు హోటళ్లు. చూడడానికి కాగితం బాగుంది, ప్రతి ఊరికీ ఒక రంగు ఫోటో ఉంది. లేనిదల్లా ఒక్కటే, ఏ ఊరి నుంచి ఏ ఊరికి ఎన్ని గంటలో ఎక్కడా రాయలేదు. నేను పెన్ను తీసుకుని పక్కన రాసిన. ఎయిర్‌పోర్టు నుంచి సిగిరియా నాలుగు గంటలు. సిగిరియా నుంచి క్యాండీ మూడు. క్యాండీ నుంచి నువర ఎలియ ఇంచుమించు మూడు. అక్కడి నుంచి ఎల్ల రెండు. ఎల్ల నుంచి మిరిస్స నాలుగు. మిరిస్స నుంచి గాలె మీదుగా కొలంబో మూడు, కొలంబో నుంచి మళ్లీ ఎయిర్‌పోర్టు ఒకటి. మొత్తం 20 గంటలు. ఇందులో టీ తాగడానికి ఆగడం లేదు, పిల్లలకు వాంతులు కావడం లేదు, నాయిన మోకాళ్లు సాపుకోవడానికి దిగడం లేదు. అవన్నీ కలిపితే ఆరు పగళ్లలో మూడు పగళ్లు వ్యాను సీట్లోనే గడుస్తాయి.

"చిన్న దేశమే కదరా బామ్మర్ది, ఈ మూల నుంచి ఆ మూలకు ఎంత సేపు?" అన్నడు బావ. చాలామంది పొరపడేది ఇక్కడే. శ్రీలంక విస్తీర్ణం 65,610 చదరపు కిలోమీటర్లు. మన తెలంగాణ 1,12,077. అంటే మన రాష్ట్రంలో సగం కన్నా కొంచెం పెద్ద. పటం మీద చూస్తే పొద్దున బయలుదేరి సాయంత్రానికి చుట్టి రావచ్చనిపిస్తుంది. కానీ మధ్యలో కొండలున్నాయి. క్యాండీ సముద్ర మట్టానికి 500 మీటర్ల ఎత్తులో ఉంటే, అక్కడికి 75 కిలోమీటర్ల దూరంలో ఉన్న నువర ఎలియ 1,868 మీటర్ల ఎత్తులో ఉంది. ఆ రోడ్డు మీద వ్యాను గంటకు 30 కిలోమీటర్లు పోతే గొప్ప. మన్ననూరు దాటి శ్రీశైలం ఘాట్ ఎక్కినవాళ్లకు ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. కిలోమీటర్ల లెక్క అచ్చంపేట దాకే పనికొస్తుంది, అక్కడి నుంచి మలుపుల లెక్కే. శ్రీలంకలో దక్షిణాన ఎక్స్‌ప్రెస్‌వే ఉన్నమాట నిజం, కొలంబో నుంచి గాలెకు రెండు గంటల లోపే పోవచ్చు. కొండల్లో అది లేదు.

ఇంకో సంగతి. మొదటి రోజు, చివరి రోజు అసలు రోజులే కావు. హైదరాబాదు నుంచి కొలంబోకు నేరు విమానం ఇంచుమించు రెండు గంటల్లో దిగుతుంది, కానీ మనం హైదరాబాదులో లేం. నల్లగొండ నుంచి నార్కట్‌పల్లి, చౌటుప్పల్, పెద్ద అంబర్‌పేట దగ్గర ఔటర్ ఎక్కి శంషాబాద్ చేరేసరికి రెండు, రెండున్నర గంటలు. విమానానికి మూడు గంటల ముందు అక్కడ ఉండాలి. మిర్యాలగూడ వాళ్లకు ఇంకో గంట ఎక్కువ. దిగినాక ఇమిగ్రేషన్, సామాన్లు, సిమ్ కార్డు, డబ్బు మార్చుకోవడం. అప్పటికి ఇంటి నుంచి బయలుదేరి తొమ్మిది, పది గంటలు అవుతుంది. ఆ తర్వాత నాలుగు గంటలు రోడ్డు మీద కూర్చుని ఆ సాయంత్రమే సిగిరియా చూపిస్తామని రాసిన కాగితాన్ని నేను నమ్మను. పెద్దవాళ్లతో పోయేవాళ్లెవరూ నమ్మొద్దు. ఆ రోజు చేయగలిగింది స్నానం చేసి, తిని, పడుకోవడమే. చివరి రోజూ అంతే. కాబట్టి ఆరు రోజులంటే చేతికి వచ్చేవి నాలుగు. నాలుగు రోజుల్లో ఏడు ఊళ్లు!

బావ వాదనలో బలమైన మాట ఒకటుంది. దాన్ని తేలిగ్గా తీసిపారేయలేను. "అంత దూరం పోయినంక అన్నీ చూడకుంటె ఎట్ల? మళ్ల మళ్ల పోతమా?" ఈ భయం మన దిక్కు ఇళ్లన్నిట్లో ఉంది. బయటి దేశం పోవడమంటే పాస్‌పోర్టులు తీయించాలి, బావ వడ్ల మిల్లుకు మనిషిని చూసుకోవాలి, ఏడాది ముందు నుంచి చిట్టీ కట్టాలి. పెట్టిన ప్రతి రూపాయికీ ఒక ఊరు దక్కాలని అనిపించడం సహజం. డబ్బున్నవాళ్లు "మళ్లీ వచ్చినప్పుడు చూద్దాం" అని ఎల్లను వదిలేయగలరు. మనం వదలలేం.

కానీ నా వాదన సరిగ్గా అక్కడే మొదలవుతుంది. మళ్లీ పోమని తెలిసినవాళ్లే నిదానంగా చూడాలి. మా ఊళ్లో పెద్దవాళ్లు కాశీ బస్సులు ఎక్కి పోయేవారు. వంటమనిషి, గ్యాస్ పొయ్యి, బియ్యం మూటలు బస్సులోనే. పూరీ, గయ, కాశీ, ప్రయాగ, అయోధ్య, మథుర, హరిద్వారం అన్నీ ఒక్క విడతలో. మా మేనత్త అట్లా పోయి వచ్చింది. కాశీ ఎట్లుందత్తా అని అడిగితే గంగలో మునిగిన సంగతి రెండు ముక్కల్లో చెప్పి, బస్సులో తన వెనక సీటు ఆమె రాత్రంతా దగ్గిన సంగతి అరగంట చెప్పింది. ఆమె జన్మలో కాశీకి పోయింది అప్పుడే. ఇంకొక్క పొద్దున ఆ ఘాటు మెట్ల మీద ఆమెను కూర్చోనిస్తే బస్సు వాళ్ల సొమ్మేం పోయేది? అయోధ్యకు అరపూట ఆలస్యమయ్యేది, అంతే.

ఏ కాలంలో పోవాలన్నది ఊళ్ల కన్నా ముందు తేలాల్సిన ప్రశ్న. శ్రీలంకకు రెండు వానాకాలాలు. నైరుతి గాలులు మే నుంచి సెప్టెంబరు దాకా పడమటి తీరాన్ని, దక్షిణాన్ని, కొండల పడమటి వాలును తడుపుతాయి. ఈశాన్య గాలులు డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా తూర్పు, ఉత్తర దిక్కుల్లో కురుస్తాయి. నడుమ అక్టోబరు, నవంబరుల్లో దాదాపు దేశమంతా వాన, పైగా తుపానుల కాలం. 2025 నవంబరు చివర వచ్చిన దిత్వా తుపానుకు కొండచరియలు విరిగిపడి ఊళ్లే కొట్టుకుపోయాయి, కొండ రైలు మార్గం చాలాచోట్ల దెబ్బతిన్నది. అందుకని బతుకమ్మ, దసరా సెలవుల్లో పోదామన్న అక్క మాటను నేను మొదట్లోనే కాదన్న. సంక్రాంతికి పోతే గాలె, మిరిస్స, క్యాండీ బాగుంటాయి, తూర్పు సముద్రం బాగుండదు. ఎండకాలం సెలవుల్లో పోతే దానికి తలకిందులు.

మాకు ఎండకాలమే కుదిరింది. అందులోనూ ఏప్రిల్, మే మొదట్లో బావ కదలలేడు. యాసంగి వడ్లు మిర్యాలగూడ మిల్లులకు వచ్చే రోజులవి, రోడ్డు పొడుగునా ట్రాక్టర్లు, లారీలు నిలబడే ఉంటాయి. జూన్ రెండో వారంలో బడులు తెరుస్తారు. మిగిలింది మే ఆఖరు, జూన్ మొదటి వారం. అప్పటికి కొలంబో దిక్కు నైరుతి మొదలై ఉంటుంది. కాబట్టి బావ కాగితంలోని ఏడు ఊళ్లలో ఐదు వానలో ఉంటాయి, సిగిరియా, కొండలకు తూర్పు వాలులో ఉన్న ఎల్ల మాత్రమే కొంత పొడిగా ఉంటాయి. ఈ ముక్క ఆ కాగితం రాసినవాళ్లకు తెలియదని నేననుకోను. పన్నెండు నెలలూ అదే కాగితం అమ్ముతారు.

సిగిరియా ఎందుకు పొడిగా ఉంటుందో పాలమూరు వాళ్లకు ఇట్టే అర్థమవుతుంది. పడమటి కనుమలు నైరుతి మేఘాలను పిండుకుని మిగిలింది మనకు పంపినట్టే, అక్కడి నడుమ కొండలు మేఘాలను ఆపేసుకుంటాయి. కొండలకు ఉత్తరాన, తూర్పున ఉన్న సగానికి పైగా దేశాన్ని వాళ్లు పొడి మండలం అంటారు. మన పాలమూరుతో పోలిస్తే అక్కడ పడే వాన చాలా ఎక్కువే. కానీ అందులో ఎక్కువ భాగం అక్టోబరు, జనవరి నడుమే పడిపోతుంది, తర్వాత నెలల తరబడి ఎండ. ఆ నీటిని పట్టి నిలబెట్టకపోతే బతుకు లేదు. అందుకే వాళ్ల పాత రాజ్యాలన్నీ చెరువుల మీద నిలబడ్డాయి.

ఇక్కడ నాయిన సంగతి చెప్పాలి. ఆయన సాగర్ ఎడమ కాల్వ మీద పనిచేసి రిటైరైన మనిషి. ఏ ఊరు పోయినా ముందు తూము ఎక్కడుందని అడుగుతడు. పానగల్లు ఉదయసముద్రం కట్ట మీద పొద్దున నడక ఆయనకు ఇప్పటికీ తప్పదు. కందూరు చోడుల కాలం నాటి చెరువు అది, ఇప్పటికీ నల్లగొండకు పనికొస్తున్నది. ఇంతకుముందు నేను స్నేహితులతో శ్రీలంక పోయి వచ్చినప్పుడు తీసిన ఫోటోల్లో ఆయన సిగిరియా బొమ్మలను రెండు క్షణాలు చూసి పక్కకు జరిపిండు. కలావెవ కట్ట ఫోటో దగ్గర ఆగిండు. పెద్దగా చేసి అలుగు ఎక్కడుందో వెతికిండు.

కలావెవ ఐదో శతాబ్దపు చెరువు, ధాతుసేనుడనే రాజు కట్టించింది. దాని నుంచి పాత రాజధాని అనురాధపురానికి ఒక కాల్వ పోతుంది. పొడవు 87 కిలోమీటర్లు. దాని మొదటి భాగంలో వాలు కిలోమీటరుకు సుమారు పది సెంటీమీటర్లు మాత్రమే. మొన్నటిదాకా లెవెలింగ్ మిషన్ పట్టుకుని తిరిగిన మనిషికి ఆ అంకె చెప్పి చూడండి. నాయిన నమ్మలేదు. "మిషన్ లేకుంట పది సెంటీమీటర్లా?" అని మళ్లీ మళ్లీ అడిగిండు. రాత్రి అన్నం తింటూ కూడా అదే.

ఆ చెరువు కథ వింటే సిగిరియా వేరుగా కనిపిస్తుంది. ధాతుసేనుడి కొడుకు కశ్యపుడు తండ్రిని బంధించి దాచిన ధనమంతా చూపించమన్నాడు. తండ్రి అతన్ని కలావెవ దగ్గరికి తీసుకుపోయి, నీళ్లలో దిగి, దోసిట్లో నీళ్లు పట్టుకుని, నాకున్న ధనం ఇదేనని చూపించాడట. కొడుకు ఆయన్ని గోడలో పెట్టి కట్టించి చంపించాడు. ఆ తర్వాత అనురాధపురంలో ఉండడానికి భయపడి, అడవి నడుమ నిటారుగా నిలిచిన బండ మీద కోట కట్టుకున్నాడు. అదే సిగిరియా. ఈ కథంతా వాళ్ల పాత చరిత్ర గ్రంథం చూళవంశంలో ఉంది. మనవాళ్లు సిగిరియాకు పోయి, బండ ఎక్కి, ఫోటో దిగి, మధ్యాహ్నానికి క్యాండీ బస్సు ఎక్కుతారు. గంట దూరంలో ఉన్న చెరువును చూడరు. తండ్రి కట్టిన చెరువు కింద ఇప్పటికీ వరి పండుతున్నది, కొడుకు కట్టిన కోట ఖాళీగా ఉంది. రెండూ చూసినప్పుడే కథ పూర్తవుతుంది. దానికి ఆ దిక్కున కనీసం మూడు రాత్రులు పడుకోవాలి.

ఇంకో తీగ కూడా ఉంది. నాగార్జునసాగర్ బుద్ధవనంలో శ్రీలంక వాళ్లు ఇచ్చిన 27 అడుగుల బుద్ధ విగ్రహం ఉంది, మా పిల్లలు దాని ముందు నిలబడి ఫోటోలు దిగారు. దానికి మూలం అవుకన బుద్ధుడు, కలావెవకు దగ్గర్లోనే ఉన్నాడు. పీఠంతో కలిపి 40 అడుగులు దాటే విగ్రహం, ఒకే బండలో చెక్కినది. ఈ రాకపోకలు ఇప్పటివి కూడా కావు. నాగార్జునకొండ తవ్వకాల్లో బయటపడ్డ మూడో శతాబ్దపు శాసనం ఒకటి బోధిసిరి అనే ఉపాసిక చేసిన దానాల గురించి చెబుతూ అక్కడి సింహళ విహారం పేరు ఎత్తుతుంది. అంటే సింహళ భిక్షువులకు కృష్ణ ఒడ్డున బస ఉండేది. పదిహేడు వందల ఏళ్ల కిందట వాళ్లు ఇక్కడికి వచ్చి ఉన్నారు. మనం అక్కడికి పోయి ఒక్కపూట కూడా నిలవకపోతే ఏం బాగుంటుంది?

అమ్మది వేరే లెక్క. రోజూ పొద్దున దీపం పెట్టి "లంకాయాం శాంకరీదేవి" అని మొదలుపెట్టి పద్దెనిమిది పీఠాల పేర్లూ చదువుతుంది. అందులో "అలంపురే జోగులాంబా" మన పాలమూరు అమ్మవారే. ఆలంపురం చాలాసార్లు పోయాం, శ్రీశైలం సరేసరి. వరసలో మొట్టమొదటి పేరు మాత్రం సముద్రం అవతల ఉంది. తూర్పు తీరాన ట్రింకోమలీలో, సముద్రంలోకి చొచ్చుకుపోయిన గుట్ట మీద కోనేశ్వరం గుడి ఉంది, శాంకరీదేవి కొలువు అక్కడేనని నమ్మకం. పాత గుడిని పదిహేడో శతాబ్దంలో పోర్చుగీసువాళ్లు పడగొట్టారు, ఇప్పుడున్నది తర్వాత కట్టినది. బావ కాగితంలో ట్రింకోమలీ లేదు. అది చూసి అమ్మ అన్న మాట ఇది: "రోజూ లంకాయాం అనుకుంటనే ఉన్న. గాడికి పోయి అమ్మోరిని సూడకుండ మీ చాయ తోటలు సూసి వస్తనా?" ఆ తర్వాత ఇక ఎవరూ మాట్లాడలేదు. బావ కూడా.

పిల్లలకు కావాల్సింది సముద్రం. నల్లగొండ పిల్లలకు సముద్రం అంటే సెలవుల్లో సూర్యలంకో, చీరాలో. జూన్‌లో మిరిస్సలో అలలు పెద్దవి, పిల్లల్ని దించలేం. అదే నెలలో ట్రింకోమలీకి 15 కిలోమీటర్ల ఉత్తరాన ఉన్న నిలావెలిలో నీళ్లు నిలకడగా, లోతు తక్కువగా ఉంటాయి. అక్కడి నుంచి పడవలో పావురాల దీవికి తీసుకుపోతారు, నీళ్ల కింద పగడపు దిబ్బలు కనిపిస్తాయి. కాలం కలిసొస్తే అమ్మవారు, సముద్రం ఒక్కచోటే దొరుకుతున్నాయి. మిరిస్స ఎందుకు?

పోగొట్టుకుంటున్నవాళ్లు ఇద్దరు, బావ, నేను. బావకు ఎల్ల రైలు కావాలి. ఆ తొమ్మిది కమాన్ల వంతెన మీద రైలు పోతుంటే తీసిన వీడియో ఆయన ఫోన్‌లో ఎప్పటి నుంచో ఉంది. క్యాండీ నుంచి ఎల్లకు ఆ రైలు ఆరేడు గంటలు. జూన్‌లో ఆ కొండలు మబ్బులోనే ఉండవచ్చు, పైగా తుపాను దెబ్బ తిన్న దారి ఎంతవరకు నడుస్తున్నదో పోయే ముందు కనుక్కోవాలి. నాకేమో క్యాండీ. బుద్ధుడి పన్ను ఉంచిన దంతధాతువు గుడి ఒక్కటే కారణం కాదు. క్యాండీని 1739 నుంచి 1815 దాకా ఏలిన నాయక్కరులు తమిళనాడులోని మధురై దిక్కు నుంచి పోయిన తెలుగు మూలాల వాళ్లు. చివరి రాజు శ్రీవిక్రమ రాజసింహుడిని ఇంగ్లీషువాళ్లు పట్టుకుని వేలూరు కోటలో ఉంచారు, 1832లో అక్కడే పోయాడు. గుడి పక్కన ఉన్న క్యాండీ చెరువు ఆయన తవ్వించిందే. నేను మొదటిసారి పోయినప్పుడు వానలో ఆ గట్టు మీద పది నిమిషాలు నడిచిన, అంతకన్నా సమయం లేదు. మళ్లీ నిదానంగా చూడాలని ఎన్నాళ్ల నుంచో ఉంది. అయినా క్యాండీ పేరును నేనే కొట్టేసిన. ప్లాన్ వేసేవాడు తనకు ఇష్టమైన ఊరిని ముందు కొట్టేస్తేనే మిగతావాళ్లను వాళ్ల ఊరు వదులుకోమని అడిగే హక్కు ఉంటుంది.

అట్లా అయినా ఆరు రోజులు చాలలేదు. ట్రింకోమలీ దిక్కు నుంచి ఎయిర్‌పోర్టుకు ఐదారు గంటలు. పొద్దున విమానం అయితే రాత్రంతా రోడ్డు మీదే. అందుకని ఒక రోజు పెంచి ఏడు రోజులు చేద్దామని అడిగిన. బావ మిల్లు లెక్కలు చూసుకుని ఒప్పుకున్నడు. ఇప్పుడు రాత్రులు ఇట్లా: సిగిరియా దగ్గర మూడు, నిలావెలిలో రెండు, ఎయిర్‌పోర్టుకు ఆనుకుని ఉన్న నెగొంబోలో ఒకటి. పెద్ద ప్రయాణాలు మూడే. మొదటి రోజు నాలుగు గంటలు, సిగిరియా నుంచి నిలావెలికి రెండున్నర, ఆరో రోజు నిలావెలి నుంచి నెగొంబోకు ఆరు. మొదటి రెండు దార్లూ దాదాపు సమతలమే.

సిగిరియా ఎక్కే పొద్దున గేటు తెరిచే వేళకు అక్కడ ఉండాలి. 1,200 మెట్లు, పైన ఇనుప మెట్లు, తొమ్మిది దాటితే బండ కాలుతుంది. నడుమ కందిరీగల గురించి బోర్డులుంటాయి, గట్టిగా అరవొద్దని. వాటిని నిజంగానే పాటించాలి. ఎవరు ఎక్కగలరో ఎవరు ఎక్కలేరో తేల్చడానికి మేం ఒక పని పెట్టుకున్నం. అందరం ఒక పొద్దున భువనగిరి కోట ఎక్కాలి. ఆగి ఆగి అయినా పైకి పోయినవాళ్లు సిగిరియా ఎక్కుతారు, నడిమిట్ల కూలబడ్డవాళ్లు కిందనే ఉంటారు. కింద ఉండడం శిక్ష కాదు. బండ ముందు నీటి తోటలున్నాయి. భూమి లోపలి కాల్వల్లో ఒత్తిడితో పనిచేసే చిమ్మెన గొట్టాలు కశ్యపుడి కాలం నాటివి, వానలు పడ్డప్పుడు ఇప్పటికీ నీళ్లు చిమ్ముతాయి. నాయిన అక్కడ రెండు గంటలు హాయిగా గడుపుతడు.

రెండో రోజు కలావెవ, అవుకన, వచ్చే దారిలో దంబుల్ల గుహలు. పొలొన్నరువ పోవాలా వద్దా అన్నది ఇంకా తేలలేదు. అక్కడ పన్నెండో శతాబ్దంలో పరాక్రమబాహు కట్టించిన సముద్రమంత చెరువు ఉంది. ఒక్క వాన చుక్క కూడా మనిషికి పనికిరాకుండా సముద్రంలో కలవకూడదన్న మాట ఆయనదేనంటారు. నాయిన పోదామంటడు, పిల్లలు ఏనుగులంటారు. మిన్నేరియ చెరువు దగ్గరికి జీపులో పోతే రెండూ కుదరవచ్చు. అది కూడా పాతకాలపు చెరువే, మహాసేనుడు కట్టించినది. నీళ్లు తగ్గిన కొద్దీ ఏనుగులు మేతకు గుంపులుగా దిగుతాయి. ఆగస్టు, సెప్టెంబరుల్లో వందల్లో వస్తాయి, జూన్‌లో అంత ఉండవు. ఆ మాట పిల్లలకు ముందే చెప్పిన.

తిండి సంగతి. అమ్మ నీచు ముట్టదు. శ్రీలంకలో కూరలు మన నోటికి బాగా పడతాయి, అన్నం, పప్పు, కొబ్బరి, కారం అన్నీ ఉంటాయి. కానీ కంటికి కనిపించకుండా నీచు చేరేది కొబ్బరి సంబల్‌లో. ఎండబెట్టిన సూరచేపను రాయిలా గట్టిపడేదాకా ఉంచి, దంచి పొడి చేసి కలుపుతారు. ఉంబలకడ అంటారు. ఎర్రగా, తడితడిగా మన కొబ్బరి తొక్కులాగే కనిపిస్తుంది, ఇడియాప్పం పక్కన వేసి ఇస్తారు. కొన్ని చోట్ల పప్పులో, కూరగాయల్లో కూడా వేస్తారు. కూరగాయల కూరే అని వాళ్లు చెప్పింది అబద్ధం కాదు, వాళ్ల లెక్కలో ఆ పొడి మన ఇంగువలాంటిది. అందుకని ఉంబలకడ పేరు పెట్టి అడగాలి, వేశారా లేదా అని. ట్రింకోమలీ తమిళుల ఊరు, అక్కడ సైవం, అంటే శాకాహారం, అని చెబితే చాలు. మామిడి తొక్కు డబ్బా ఎట్లాగూ అక్క సంచిలో ఉంటుంది.

కాగితాల పనికి ఎక్కువ రాయను. ముందస్తు ఆన్‌లైన్ అనుమతి నిబంధనలు మాటిమాటికీ మారుతున్నాయి, ప్రభుత్వ వెబ్‌సైట్‌లోనే చూడండి, అదే పేరుతో ఎక్కువ వసూలు చేసే సైట్లు చాలా ఉన్నాయి. 2024 ఫిబ్రవరి నుంచి మన యూపీఐ అక్కడి క్యూఆర్ కోడ్‌ల మీద పనిచేస్తున్నది, అయినా చిన్న దుకాణాలకు నోట్లు ఉంచుకోవాలి. సిగిరియా లాంటి చోట్ల సార్క్ దేశాలవాళ్లకు టికెట్ తక్కువ, పాస్‌పోర్టు చేతిలో ఉండాలి. ప్రతి పున్నమి అక్కడ పోయ సెలవు, ఆ రోజు మందు, మాంసం అమ్మరు, గుళ్లు కిటకిటలాడతాయి. మే పున్నమి వెసాక్, జూన్ పున్నమి పోసన్. పోసన్‌కు అనురాధపురం, మిహింతలే దిక్కు రోడ్లన్నీ భక్తులే. ఆ రెండు తేదీలు తప్పించి టికెట్లు తీయండి, లేదా ఆ దీపాలు చూడడానికే అయితే హోటల్ చాలా ముందే పట్టుకోండి.

సంక్రాంతికి పోయేవాళ్లు మా ప్లాన్‌ను ఇట్లాగే ఎత్తుకోవద్దు. అప్పుడు తూర్పున వాన, నిలావెలిలో పిల్లలు గదిలోనే కూర్చోవాల్సి వస్తుంది. మీకు క్యాండీలో మూడు రాత్రులు, గాలెలో రెండు, నెగొంబోలో ఒకటి. రైలు నడుస్తుంటే క్యాండీ నుంచి ఒక పగలు దానికి ఇవ్వండి. ఎల్ల దాకా పోకుండా నాను ఓయలో దిగి, నువర ఎలియ చూసుకుని కారులో వెనక్కి రావచ్చు. బావ మాత్రం ఇది చదివి, అయితే మనమే సంక్రాంతికి పోదామంటడేమో. అమ్మను ఒప్పించే పని ఆయనదే.